ఆ బుల్లి పాదాల అచ్చు ఎవరికి ఎక్కువ అవసరం?

బిడ్డ తొలి అడుగులు వేస్తే మన ఇళ్లలో అరిసెలు వండుతాం. వరసగా పరిచిన అరిసెల మీద నడిపిస్తే, మెత్తటి అరిసెలో బుల్లి మడమ దిగబడుతుంది. ఆ అరిసెల్నే ఇరుగుపొరుగుకు పంచేస్తాం. ముద్రను దాచుకోవాలని ఎవరికీ తోచేది కాదు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల నెలల పిల్లల చేతులూ పాదాలూ అచ్చు తీసి, బంగారు రంగు పూసి, ఫ్రేములో బిగించి ఇస్తున్నారు. ఇది డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి తన పిల్లల చేతులూ పాదాలూ పాలరాతిలో చెక్కించుకుంది. రాణికైనా, మనకైనా తల్లి ఆశ ఒకటే.

మా అన్నయ్య కూతురికి నాలుగో నెలలో అచ్చు తీస్తుంటే పక్కనే ఉన్నాను. పాలు తాగి నిద్రపోయాక మొదలుపెట్టారు. గులాబీ రంగు పొడిలో నీళ్లు పోసి కలిపితే దోసెల పిండిలా జారుగా అయింది. పాదాన్ని చీలమండ దాకా ముంచి పట్టుకుంటే రెండు మూడు నిమిషాల్లో జున్నులా బిగిసింది. మెల్లగా పాదం తీసి, ఆ గుంతలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గాలి బుడగలు పోయేలా గిన్నెను తట్టారు. గట్టిపడ్డాక పైపొర ఒలిస్తే అరికాలి గీతలు, చిటికెనవేలి గోరు కూడా వచ్చాయి. చేతి దగ్గరే తిప్పలు. ఆ వయసులో అరచేతికి ఏది తగిలినా పిడికిలి బిగుస్తుంది. మూడుసార్లూ పిడికిలే వచ్చింది. మా వదిన అదే కావాలంది.

ఆ పొడి అల్జినేట్. సముద్రపు నాచు నుంచి తీస్తారు. పళ్ల డాక్టర్లు దవడ అచ్చుకు రోజూ వాడేది ఇలాంటిదే. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక్క మాట: ప్లాస్టర్‌లో నేరుగా చెయ్యి పెట్టించకండి. అది గట్టిపడేటప్పుడు కాలిపోయేంత వేడెక్కుతుంది. 2007లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఒక బడిలో అచ్చు కోసం చేతులు ప్లాస్టర్‌లో పెట్టిన అమ్మాయి వేళ్లు పోగొట్టుకుంది.

అయితే ఈ అచ్చు అందరికంటే ఎక్కువ అవసరమైన తల్లికి మన దగ్గర అందడం లేదు. జనన మరణాలను లెక్కగట్టే ప్రభుత్వ సర్వే ఎస్‌ఆర్‌ఎస్ 2020 లెక్కల ప్రకారం దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 20 మంది నెల తిరక్కుండానే పోయారు. గర్భంలోనే పోయినవాళ్లు వేరు. చూస్తే బెంగ పెట్టుకుంటుందని పెద్దవాళ్లు తల్లికి బిడ్డను చూపించరు. మగవాళ్లు తీసుకెళ్లి పాతిపెట్టి వస్తారు. ఫొటో ఉండదు. బారసాల కాలేదు కాబట్టి పేరూ ఉండదు. ఇంత ప్రేమతో చేసే పనే ఆమెకు ఏమీ మిగల్చకుండా పోతోంది. బ్రిటన్‌లో 1978 నుంచి పనిచేస్తున్న శాండ్స్ లాంటి స్వచ్ఛంద సంస్థల కృషితో, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు చేతి, పాదముద్రలు తీసుకునే వీలు ఆసుపత్రుల్లోనే ఉంటోంది.

మనకు ఇది అసాధ్యమేమీ కాదు. దంతవైద్య కళాశాలల్లో అల్జినేట్ రోజూ వాడేదే. నేర్పితే నర్సులు చేయగలరు. నెలలు నిండని బిడ్డ చర్మం అచ్చుకు ఓర్చుకోదనుకుంటే సిరా ముద్ర చాలు. తల్లిని అడిగే తీయాలి, వద్దంటే వదిలేయాలి. అడగడం మాత్రం మానకూడదు.

ఇంకో సంగతి. గుర్తింపు కోసం చాలా ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డ పాదముద్రను కేసు షీటు మీద తీస్తారు. మా పిన్ని కూతురి బాబు పుట్టిన రోజే పోయాడు. వాడి ముద్ర కూడా అలా తీశారని ఆమెకు రెండేళ్ల తర్వాత తెలిసింది. పరుగున వెళ్లి అడిగితే పాత కాగితాలు తీసేశామన్నారు. ఇప్పుడు ఆమె దగ్గర ఉన్నది బాబు చేతికి కట్టిన పట్టీ ఒక్కటే. దాని మీద కూడా 'బేబీ ఆఫ్' అని, ఆ పక్కన ఆమె పేరే ఉంది.