సవరణ: 1500 అదనం కాదు, నీళ్లు ఐదు పాళ్లు కాదు

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగుల సంరక్షణలో నర్సులకు సాయపడే సహాయకుల) అప్రెంటిస్‌గా చేరాలనుకునేవాళ్ల కోసం రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది డబ్బు లెక్క. "ఆసుపత్రి స్టైపెండ్‌కు పైన కేంద్రం 1500 ఇస్తుంది" అన్నాం. పైన కాదు, అందులోనే. నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం)లో కేంద్రం వాటా స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1500 మించదు. ఒప్పందంలో 7000 ఉంటే పావు వంతు 1750. పరిమితి వల్ల 1500 కేంద్రం నేరుగా మీ ఖాతాలో వేస్తుంది, 5500 ఆసుపత్రి ఇస్తుంది. ఖాతాకు ఆధార్ లింకు కాకపోతే ఆ 1500 ఆగిపోతుంది. ఒప్పందం కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కాకపోతే అసలు అది అప్రెంటిస్‌షిప్పే కాదు, ఊరికే పని చేయించుకోవడం.

రెండోది ఇంకా ప్రమాదం. నేల మీద రక్తం పడితే వాడే 1 శాతం హైపోక్లోరైట్‌కు (క్రిములను చంపే బ్లీచింగ్ ద్రావణం) "ఒక పాలు మందు, ఐదు పాళ్లు నీళ్లు" అని రాశాం. 5 శాతం ద్రావణమైతే నీళ్లు నాలుగు పాళ్లే: 200 మి.లీ. మందు, 800 మి.లీ. నీళ్లు. ముందు సీసా మీద శాతం చూడండి. 10 శాతం సీసా అయితే 100కి 900. ప్లాస్టిక్ బకెట్‌లో ఏ రోజుకారోజు కలపాలి, నిన్నటిది బలం తగ్గిపోతుంది. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఆసుపత్రి చెత్త గురించి అదే పోస్టులో రాసిన, యూరిన్ బ్యాగు ఎర్ర డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు డబ్బాలోకి అన్నది సరైనదే.