గిజుభాయి పేరు కూడా ఉండాల్సింది

టీచర్లు చదవాల్సిన విద్యా సిద్ధాంత పుస్తకాల గురించిన ఈ వ్యాసం నచ్చింది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో వివరించిన మనస్తత్వవేత్తలు పియాజే, వైగోట్‌స్కీల గురించి చక్కగా చెప్పారు. అయితే గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటు. వకీలు వృత్తి వదిలేసి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం అనే చిన్నపిల్లల బడి మొదలుపెట్టిన మనిషి ఆయన. పిల్లలు తమంతట తామే చేసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని అలాగే దించుకోకుండా గుజరాతీ పిల్లలకు తగ్గట్టు మలిచారు.

ఆయన రాసిన 'దివాస్వప్న' కథలా సాగే పుస్తకం. లక్ష్మీరామ్ అనే మాస్టారు అధికారిని ఒప్పించి, ప్రయోగం కోసం నాలుగో తరగతి తీసుకుంటాడు. మొదటి రోజే పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడిద్దామనుకుంటే క్లాసంతా గోల గోల. ఇక లాభం లేదని వాళ్లను ఇంటికి పంపేస్తాడు. మర్నాడు కథ మొదలుపెడతాడు, అంతే, అల్లరి చేసిన పిల్లలే కదలకుండా కూర్చుంటారు. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో కథల పుస్తకాలు కొని క్లాసులోనే లైబ్రరీ పెట్టే ఘట్టం నాకు మరీ ఇష్టం. తోటి టీచర్ల ఎగతాళి, పరీక్షల టెన్షన్, పై అధికారుల అనుమానం అన్నీ అందులో ఉన్నాయి.

టెట్, డీఎస్సీ కోసం పిల్లల ఆలోచన ఎదుగుదలకు పియాజే చెప్పిన నాలుగు దశలు బట్టీ పట్టేవాళ్లు చాలామంది. అది తప్పని అనను, మార్కులు కావాలి కదా. కానీ రేపు నలభై మంది పిల్లల ముందు నిలబడినప్పుడు ఏం చేయాలో ఆ దశలు చెప్పవు. దయచేసి జాబితాలో ఈ పుస్తకం చేర్చండి. టీచర్ శిక్షణ తీసుకునే డీఎడ్ విద్యార్థులైతే మొదట దీన్నే చదివి, తర్వాత సిద్ధాంతాల జోలికి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.