సవరణ: ఓకామెల్‌లో అవుట్‌పుట్ మళ్లించేటప్పుడు ఫ్లష్ తప్పనిసరి

ఓకామెల్ ప్రోగ్రామింగ్ భాషలో స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను (మామూలుగా తెర మీద పడేదాన్ని) కాసేపు ఫైల్‌లోకి మళ్లించే పద్ధతి ఇంతకుముందు పోస్ట్‌లో ఇచ్చాను: యూనిక్స్ మాడ్యూల్‌లోని డూప్‌తో అసలు డిస్క్రిప్టర్‌కు (తెరిచిన ఫైల్‌ను లేదా తెరను సిస్టమ్ గుర్తించే సంఖ్యకు) నకలు తీసుకోవడం, డూప్2తో ఫైల్‌ను దాని స్థానంలో పెట్టడం, పని అయ్యాక నకలును మళ్లీ డూప్2తో వెనక్కి తేవడం. వరుస సరైనదే. కానీ ఫ్లష్ (ఇంకా రాయకుండా ఆగి ఉన్న అవుట్‌పుట్‌ను వెంటనే బయటికి పంపడం) ఊసు అందులో లేదు. అది లేకుండా ఆ కోడ్‌ను నమ్మకండి.

ప్రింట్_స్ట్రింగ్ రాసేది నేరుగా డిస్క్రిప్టర్‌లోకి కాదు, 65,536 బైట్ల ఛానెల్ బఫర్‌లోకి, అంటే రాసినవి బయటికి వెళ్లేదాకా ఆగే తాత్కాలిక నిల్వలోకి. ఆ బఫర్ సంగతి డూప్2కు తెలియదు. మళ్లించక ముందు "మొదలు" అని, మళ్లించాక "లోపల" అని ప్రింట్ చేసి, ఫ్లష్ చేయకుండా వెనక్కి తెచ్చి చూడండి. ఫైల్ ఖాళీగా ఉంటుంది. రెండు మాటలూ ప్రోగ్రాం ముగిసేటప్పుడు తెర మీద పడతాయి. ప్రింట్_ఎండ్‌లైన్ తనంతట తానే ఫ్లష్ చేస్తుంది కాబట్టి, దానితో టెస్ట్ చేస్తే ఈ తేడా బయటపడదు. అసలు చిక్కు అక్కడే.

కాబట్టి మళ్లించేటప్పుడూ, వెనక్కి తెచ్చేటప్పుడూ డూప్2కు ముందు ఫ్లష్ పెట్టండి. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా అవుట్‌పుట్ ఫైల్‌కే అతుక్కుపోకుండా, వెనక్కి తెచ్చే భాగాన్ని ఫన్.ప్రొటెక్ట్‌లోని ఫైనల్లీకి ఇవ్వండి. ఓకామెల్ 4.08 నుంచి ఆ సదుపాయం ఉంది. నకలును క్లోజ్ చేయడం మరవకండి.

ఇన్‌పుట్‌కు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుందని రాసిన వాక్యం తీసేశాను. ముందే చదివి బఫర్‌లో ఉంచుకున్న అక్షరాలు మళ్లించాక కూడా వస్తూనే ఉంటాయి, వాటిని వదిలించుకోవడానికి ఫ్లష్ లాంటిది లేదు. దానికి వేరే ఛానెల్ తెరిచి ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్‌గా పంపడమే మేలు.