చూడొచ్చు సరే, చూస్తున్నదెవరు?
ఓపెన్ సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందులో తప్పులు దాగవని మీరు వ్యాసంలో రాశారు. కనిపించడం వేరు, చూడటం వేరు. లాగ్‌ఫోర్‌జే అనేది జావా ప్రోగ్రాముల్లో ఏం జరుగుతోందో రాసిపెట్టే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాములో కలుపుకునే రెడీమేడ్ కోడ్. దాంట్లోని భద్రతా లోపం 2013 నుంచీ ఆ కోడ్‌లోనే ఉంది, బయటపడింది 2021 డిసెంబరులో. అప్పుడు నేను బెంగళూరు మారతహళ్లిలో ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. శుక్రవారం రాత్రి కర్నూలు బస్సు టికెట్ రద్దు చేసుకుని కూర్చున్నా. లోపం సరిదిద్దిన కొత్త వెర్షన్ 2.15 వేశాం, అది చాలదన్నారు. 2.16 వేశాం, మళ్లీ 2.17 వచ్చింది. మార్చడం ఎంతసేపు, అది ఎక్కడెక్కడ ఉందో వెతకడమే అసలు నరకం. మేం నేరుగా వాడింది రెండు చోట్లే, మిగతాదంతా వేరే లైబ్రరీల కడుపులో కూర్చుని వచ్చింది. "మనకి జావా ఉన్నది ఆ ఒక్క సర్వీసులోనేగా" అన్నాడు మా లీడ్ ధీమాగా, ఎలాస్టిక్‌సెర్చ్ (అదీ జావాలో రాసిన సెర్చ్ సాఫ్ట్‌వేరే) సంగతి మర్చిపోయి! అలాగని మీ మాట పూర్తిగా కొట్టిపారెయ్యను. 2024లో, ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్‌లో ఎవరో పెట్టిన దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టగలిగాడంటే లోపలికి తొంగిచూసే వీలుండబట్టే. కానీ ఆయనా తీరిగ్గా కోడ్ చదువుతూ పట్టుకోలేదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానమొచ్చి తవ్వాడు. ఆ ఎక్స్‌జెడ్‌ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే, జీతం లేకుండా చూసుకున్నాడు. మా కంపెనీ వాడిన వందల లైబ్రరీల్లో ఒక్కదానికైనా రూపాయి పంపినట్టు నేనైతే వినలేదు.