కిడ్నీ గడ్డకు అయస్కాంతం పరుపు అడ్డుపడదు

మా పెదనాన్నకు ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. ఇంట్లో అందరం ‘వేడి చేసింది’ అనుకున్నాం. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, రోజుకో కొబ్బరి బోండం. రెండు రోజుల్లో రంగు మామూలైంది, మేం మరిచిపోయాం. ఆ తర్వాత ఆయన ఫంక్షన్ హాల్లో జరిగిన ఒక మీటింగుకు వెళ్లి, అయస్కాంతాలు కుట్టిన పరుపు కొనుక్కొచ్చారు. కిడ్నీలో గడ్డలు రాకుండా కాపాడుతుందని చెప్పారట. ఎనిమిది నెలలకు మళ్లీ ఎరుపు కనిపించింది. అప్పుడు తీసిన స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో ఆరు సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పరుపు అమ్మినవాళ్లు ‘కేయాస్ మ్యాగ్నెటిక్ ఫీల్డ్’, అంటే అస్తవ్యస్తమైన అయస్కాంత క్షేత్రం, అన్నారట. ఆ మాట నిజంగానే భౌతికశాస్త్రంలో ఉంది. గాంధీనగర్‌లో 1989 నుంచి నడిచిన ‘ఆదిత్య’ లాంటి టొకమాక్ అనే అణుసంలీన ప్రయోగ యంత్రాల్లో లక్షల డిగ్రీల ప్లాస్మాను, అంటే విద్యుదావేశం పొందిన వేడి వాయువును, అయస్కాంత బలరేఖలతో పట్టి ఉంచుతారు. కొన్నిచోట్ల ఆ రేఖలు చిక్కుపడిన దారంలా అయిపోతాయి. వెంట్రుకవాసి దూరంలో మొదలైన రెండు రేఖలు కొన్ని చుట్లు తిరిగేసరికి చెరో దిక్కుకు పోతాయి. ఆ దారుల్లో వేడి బయటికి జారిపోతుంది. దాన్ని ఎలా అదుపు చేయాలన్నదే అక్కడి పరిశోధన. మనిషి కిడ్నీకి, దానికి సంబంధమే లేదు.

అయస్కాంతం రక్షిస్తుందన్న ఆశ ఎంత ఉందో, హాని చేస్తుందన్న భయమూ అంతే ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో కరెంటు లైన్ల దగ్గరుండే అయస్కాంత క్షేత్రాలను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు’ అన్న జాబితాలో పెట్టింది. దానికి ఆధారం పిల్లల్లో వచ్చే ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌పై జరిగిన అధ్యయనాలు, కిడ్నీ కాదు. పరుపులో కుట్టేలాంటి స్థిర అయస్కాంతాల విషయంలో ఏదీ తేల్చడానికి ఆధారాలు చాలవంది. మా పెదనాన్న పడుకున్న ఎంఆర్ఐ యంత్రం బలం 1.5 టెస్లా, అంటే మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలానికి 35 వేల రెట్లు. అంత అయస్కాంతం కూడా గడ్డను చూపించిందే గానీ కరిగించలేదు.

మరి గడ్డ ఎక్కడి నుంచి వస్తుంది? కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకంలో చాలావరకు వీహెచ్ఎల్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది. కణానికి ఆక్సిజన్ సరిపడా అందుతున్నా, అందడం లేదన్నట్టే అది ప్రవర్తిస్తుంది. కొత్త రక్తనాళాలను పిలుచుకుని పెరుగుతుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో తేల్చిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఆ జన్యువు ఎవరిలో ఎందుకు చెడుతుందో ప్రతిసారీ చెప్పలేం కానీ, ముప్పు పెంచేవి మాత్రం తెలుసు: పొగ, అధిక బరువు, హైబీపీ. మా పెదనాన్నకు ఈ మూడింటిలో రెండు ఉన్నాయి. బీపీ మాత్ర ‘బాగానే ఉన్నాను కదా’ అని మానేసేవారు.

నాటు మందుల మాటా చెప్పాలి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. కారణం అరిస్టలోకియా జాతి మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం. మన పల్లెల్లో దొరికే ఈశ్వరి మొక్క కూడా అదే జాతి. ‘ఆకు మందు కదా, ఏం చేస్తుందిలే’ అనుకుని దాన్ని లోపలికి తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు మనం వదిలించుకోవాల్సింది ‘వేడి చేసింది’ అన్న ఆ మాట. బీట్‌రూట్ తిన్నా మూత్రం ఎర్రగా రావచ్చు, నిజమే. అది రక్తమో కాదో మామూలు మూత్ర పరీక్షలో తేలిపోతుంది. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడి ఆగిపోయినా తగ్గినట్టు కాదు. కిడ్నీలో గానీ మూత్రాశయంలో గానీ గడ్డ ఉంటే రక్తం అలాగే వచ్చి పోతుంటుంది. పరుపుకు పెట్టిన డబ్బుతో స్కానింగులు ఎన్నో తీయించుకోవచ్చు.

పెదనాన్న ఎడమ కిడ్నీ తీసేశారు. ఆయన సిగరెట్ మానేశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీకి ముందు బీపీ చూసుకుని, గోడమీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాసుకుంటున్నారు.