అరటి తొక్కకు చోటు లేని విల్లా

విలాసవంతమైన విడిది విల్లాల లోపలి అలంకరణను ఎగతాళి చేయడం కొందరికి కాలక్షేపమైపోయింది. కూర్చోలేని కుర్చీలనీ, ముట్టుకోకూడని సోఫాలనీ గిట్టనివాళ్లు ఏవేవో అంటుంటారు. అలాంటి విల్లాలో మూడు రోజులు బస చేసి, చేతిలో అరటి తొక్క పట్టుకుని చెత్తబుట్ట కోసం గంటసేపు తిరిగినవాడిగా, డిజైనర్ల పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా ధర్మం.

సామాన్యుల ఇళ్లలో పెద్ద లోపం ఏమిటంటే, అక్కడ ఏ వస్తువు ఎక్కడుందో తెలిసిపోతుంది. స్విచ్చు తలుపు పక్కనే ఉంటుంది. అరకు పిడి ఉంటుంది. ఇక మనిషి బుద్ధికి పని ఎక్కడిది? విల్లాలో వంటగది అంటే నున్నటి గోడ, అంతే. పిడులు లేవు, గీతలు లేవు. ఎక్కడ నొక్కితే ఏది తెరుచుకుంటుందో దైవాధీనం. మొదట నొక్కినచోట ఫ్రిజ్ తెరుచుకుంది. రెండోచోట గిన్నెలు కడిగే యంత్రం బయటపడింది. మూడోచోట రెండు చేతులతో బలంగా నొక్కినా చలనం లేదు. కాసేపటికి తెలిసింది, అది నిజంగానే గోడ.

దీన్ని నిన్నమొన్నటి వెర్రి అనుకుంటే పొరపాటు. దీనికి ఘనమైన వంశవృక్షం ఉంది. మీస్ వాన్ డెర్ రోహే అనే మహా వాస్తుశిల్పి అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరు కోసం ఒక వారాంతపు విడిది కట్టారు. 1951లో పూర్తయిన ఆ ఇంటికి నాలుగు వైపులా గాజే. సింకు కింద చెత్తడబ్బా పెట్టుకుంటే రోడ్డు మీదికి కనిపిస్తుందని ఆవిడ ఒక పత్రికతో మొరపెట్టుకున్నారు. డబ్బు లెక్కల మీద ఇద్దరూ కోర్టుకు కూడా ఎక్కారు. అంతకు 20 ఏళ్ల ముందు, 1931లో, పారిస్ దగ్గర లె కోర్బూజియే అనే మరో మహా వాస్తుశిల్పి పూర్తిచేసిన విల్లా సవోయ్ కూడా వారాంతపు విడిదే. హాల్లో వాన, ర్యాంపు మీద వాన, గ్యారేజీ గోడ తడిసి ముద్దయిందని ఆ ఇంటి యజమానురాలు 1936లో ఆయనకు ఉత్తరం రాశారు. ఆ విల్లాకు 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఇప్పుడు ఈ రెండిళ్లలోనూ ఎవరూ కాపురం ఉండరు, టికెట్టు కొని చూసి వెళ్తారు. ఫిర్యాదులూ లేవు. లోపం ఇంట్లో ఉందా, కాపురంలో ఉందా అన్నది దీంతో తేలిపోయినట్టే కదా!

మా విల్లాకే వస్తాను. పడకగదిలో మంచం పక్కన ఒక నల్లటి పలక, దాని మీద ఎనిమిది మీటలు. ‘సాయంసంధ్య’, ‘విందు’, ‘ధ్యానం’, ‘ప్రశాంతం’, ఇలా. ‘ఆపు’ అన్న మీట మాత్రం లేదు, అంత మొరటు మాట అక్కడ ఇమడదు. అర్ధరాత్రి దాహమేసి లేచి, ఉన్నవాటిలో నిరపాయంగా కనిపించిన ‘ప్రశాంతం’ నొక్కాను. గోడకున్న తెరలన్నీ గరగరమంటూ పక్కకు జరిగాయి. నెత్తిమీద షాండిలియర్ భగ్గుమంది. ఎక్కడి నుంచో జలపాతం చప్పుడు మొదలైంది. దాన్ని ఆపబోయి ‘విందు’ నొక్కాను. ఆ తర్వాతి సంగతి వద్దులెండి.

స్నానపు తొట్టికీ మంచానికీ మధ్య తేటగాజు తెర ఒక్కటే అడ్డం. భార్యాభర్తల మధ్య దాపరికాలు ఉండకూడదని డిజైనరుగారి సదుద్దేశం కాబోలు. నేను మా బావమరిదితో వెళ్లాను.

మంచం మీద పదకొండు దిండ్లు. తలకు పనికొచ్చేవి రెండు. మిగతా తొమ్మిదీ రాత్రి నేల మీదికి దిగి, చీకట్లో నడిచేవాళ్ల కాళ్లకు అడ్డం పడతాయి. వంటగట్టు మీద నిమ్మకాయ కోయవద్దని ముద్దుగా అచ్చేసిన చీటీ కూడా ఉంది. అది మాత్రం న్యాయమే. పాలరాయిలో ఉండే సున్నాన్ని నిమ్మరసం తినేస్తుంది, తుడిచినా ఆ మచ్చ పోదు. కోవెళ్లనూ సమాధులనూ మోసిన రాయిని తెచ్చి నిమ్మకాయ తెగే చోటే పరిచిన సాహసానికి చేతులెత్తి మొక్కాలి.

ఇక నా అరటి తొక్క. హాలు మధ్య బల్ల మీద పెద్ద చెక్క పళ్లెం, అందులో నాచుతో చుట్టిన మూడు బంతులు ఉన్నాయి. అవి ఎందుకో నన్నడక్కండి. వెతికి వెతికి విసిగి, ఎవరూ చూడకుండా తొక్కను ఆ బంతుల మధ్య పెట్టి వచ్చాను. పొద్దున శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. బంతుల మీద దుమ్ము దులిపింది. తొక్కను చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసింది. తర్వాత దాన్ని కాస్త ఎడమవైపుకు జరిపి, జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయింది.