రీబిల్డింగ్ ఇయర్ గారికి ఒక బ్యాండ్ తండ్రి రాయు లేఖ

గౌరవనీయులైన రీబిల్డింగ్ ఇయర్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ టెక్సస్‌లో మా హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఓడినప్పుడల్లా ‘ఇది మళ్లీ కట్టుకుంటున్న ఏడాది’ అని సర్దిచెప్పడానికి పెద్దవాళ్లు వాడేది తమరి పేరే కదా. తమరు కులాసాగానే ఉన్నారని మొన్న శుక్రవారం రాత్రి కళ్లారా చూశాం. మా సంగతే ఏమంత బాగాలేదు.

ఆ రాత్రి జరిగింది తమకు తెలియంది కాదు. రెండో క్వార్టర్ నడుస్తుండగా ఎక్కడో ఓక్లహోమా వైపు మెరుపు మెరిసింది. రూలు ప్రకారం ఆట ఆపి 30 నిమిషాలు కూర్చోవాలి. అవి పూర్తికావస్తున్నాయనగా ఇంకో మెరుపు. లెక్క మళ్లీ మొదటికి. ఆ మందపాటి బ్యాండ్ యూనిఫాంలో, పక్కన సూసాఫోన్ అనే పెద్ద ఊదే వాద్యం పెట్టుకుని, చెమటలు కక్కుతూ మా చిన్నాడు బ్యాండ్ హాల్లో. చల్లారి గట్టిపడిన చీజు నాచోలతో నేను కారులో. ఎట్టకేలకు ఆట మొదలైంది. మనవాళ్లు 14 పాయింట్లు పైనున్నారు. నాలుగో క్వార్టర్‌లో బంతిని దూరంగా తన్నబోతే (పంట్ అంటారు), మనవాడు వెనక్కి విసిరిన బంతి (అదే స్నాప్) కాస్తా తన్నేవాడి నెత్తి మీదుగా ఎగిరి మైదానం చివర మన ఎండ్ జోన్ దాకా దొర్లింది. ఇక ఆ తర్వాతది చెప్పుకోవడం దేనికి! పార్కింగ్‌లోంచి బయటపడేసరికి అర్ధరాత్రి. ఇంటికొచ్చి ఫోను చూస్తే, టీమ్‌కు అండగా ఉండే బూస్టర్ క్లబ్ వారి ఈమెయిలు. ఇది రీబిల్డింగ్ ఇయర్ అట, గుర్తుపెట్టుకోవాలట, పిల్లల్ని చూసి గర్వపడాలట.

పిల్లల్ని చూసి గర్వపడటానికి మీ ఈమెయిలు ఎందుకండీ? మాకు కావలసింది వేరే. బిల్డింగ్ ఎక్కడుంది?

నిరుడూ తమరే వచ్చారు. సరే, వచ్చారు, కాఫీ తాగారు, వెళ్తారు అనుకున్నాం. ఆగస్టులో గట్టిగా మాటిచ్చారు కూడా: జూనియర్లంతా సీనియర్లయ్యారు, ఈసారి ప్లేఆఫ్స్ ఖాయం అని. టీషర్టులు అచ్చేశారు. నేనూ ఒకటి కొన్నాను. డిస్ట్రిక్ట్‌లో, అంటే తమలో తాము ఆడుకునే స్కూళ్ల గుంపులో, మొదటి నాలుగు స్థానాల్లో ఉంటే చాలు, ప్లేఆఫ్స్‌కి వెళ్లొచ్చు. అదేం గొంతెమ్మ కోరిక కాదు కదా. అక్టోబరు రాకముందే తమరు మళ్లీ సోఫాలో కాళ్లు చాపుకుని కనిపించారు.

మా మామగారు ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైరయ్యారు. విజిటర్ వీసా మీద వచ్చినప్పుడల్లా శుక్రవారం సాయంత్రం మాతోపాటు స్టేడియానికి బయల్దేరతారు. ఆట రూల్స్ ఆయనకు ఒంటబట్టలేదు గానీ తమ వ్యవహారం మాత్రం ఇట్టే పట్టేశారు.

“అల్లుడుగారూ, కిందటిసారి వచ్చినప్పుడూ పునాదే తీస్తున్నారు. ఇప్పుడూ పునాదే. స్లాబ్ ఎప్పుడు వేస్తారండీ వీళ్లు?”

“మేస్త్రీ మారాడు మావయ్యగారూ.”

“మేస్త్రీ మారితే కట్టిన గోడ కూలగొట్టుకుంటారా ఎవరైనా?”

గుంటూరు మనిషి కాబట్టి ఊరుకోలేక ఇంకో మాట కూడా అన్నారు: మా అమరావతికే 2015లో ఒకసారి, 2025లో పనులు తిరిగి మొదలెట్టినప్పుడు ఒకసారి ప్రధానమంత్రి వచ్చారు, మీకేమో ఏటేటా శంకుస్థాపనే అని. నేను నవ్వలేదు. నవ్వొచ్చే మాట కాదు, లెక్క సరిగ్గానే ఉంది.

వచ్చిన ప్రతి హెడ్ కోచ్‌దీ ఒకటే వరస. స్కూలు లైబ్రరీలో కుర్చీలేసి పరిచయ సభ. కల్చర్ మారుస్తాం అంటారు. తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు, వాళ్లలో నేనూ ఉంటాను. ఆయన తన మనుషుల్ని వెంటేసుకొస్తారు. పాత అసిస్టెంట్లు జాగ్రఫీ క్లాసులూ ఆల్జీబ్రా క్లాసులూ వదిలేసి తట్టాబుట్టా సర్దుకుంటారు. టెక్సస్‌లో కోచ్‌లలో చాలామంది పాఠాలూ చెబుతారు కదా, ఒక్క హెడ్ కోచ్ పోతే స్టాఫ్ రూమ్ సగం ఖాళీ. మొదటాయన స్ప్రెడ్ ఆడించారు. బంతి పట్టే రిసీవర్లు ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుచుకుని నిలబడాలి, బంతి గాల్లోనే తిరగాలి. కుర్రాళ్లకు అది వంటబట్టే వేళకు ఆయనకు హ్యూస్టన్ వైపు ఇంకా పెద్ద స్కూల్లో ఉద్యోగం వచ్చింది. రెండో ఆయనకు బంతి విసరడమంటేనే గిట్టదు. వింగ్-టి అని అందర్నీ దగ్గరగా గుచ్చి నిలబెట్టి పరుగులే పరుగులు. ఇప్పుడాయన మళ్లీ స్ప్రెడ్. హమ్మయ్య, మొదటిదే కదా అనుకుంటే కాదట. ఆట అదే, మైదానంలో కేకేసే గుర్తు పేర్లు వేరు. అప్పుడు జంతువుల పేర్లు, ఇప్పుడు ఊళ్ల పేర్లు.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, సెంటర్ ఆడతాడు, అంటే ముందు వరస మధ్యలో నిలబడి బంతిని వెనక్కి అందించేవాడు. తొమ్మిదిలో నేర్చుకున్నది పదిలో మర్చిపొమ్మన్నారు. పదిలో నేర్చుకున్నది పదకొండులో తప్పన్నారు. అవతల డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి రెండు సెకన్లలో మిగతా నలుగురికీ కేకేసి చెప్పాల్సింది వాడే. వాడి నోట్లో ‘డెన్వర్’ రావాల్సిన చోట ‘టైగర్’ వస్తే ఎవరిది తప్పు?

స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ తప్ప ఇంకెవరూ కనబడరు. వాడు కింద పడితే వాడి చేతిలో బలం లేదంటారు. వాడికి కాపుగా ముందు నిలబడే ఐదుగురి వంక, అంటే లైన్ వంక, చూసే నాథుడు లేడు. పక్కవాడు ఏ కాలు ముందుకేస్తాడో తల తిప్పకుండానే తెలియాలి ఆ ఐదుగురికి. వెయిట్ రూమ్‌లో ఎంత ఇనుము ఎత్తినా అది రాదు, టీషర్టు మీద నినాదంతో అసలే రాదు. అవే అడుగులు, అదే పక్కవాడితో, ఏళ్ల తరబడి వేయాలి. పరుగెత్తేవాడు అప్పుడప్పుడు దేవుడిచ్చినట్టు దొరుకుతాడు. లైన్ దొరకదు, పెంచుకోవాలి. తమరేమో మొక్క వేరు పట్టిందో లేదో చూద్దామని ఏటా పీకుతున్నారు.

కాస్త తలెత్తి పడమర చూడండి. ఫోర్ట్‌వర్త్ దాటితే అలీడో. టిమ్ బుకానన్ అక్కడ 1993లో హెడ్ కోచ్ అయ్యారు. స్టేట్ టైటిల్ 1998లో వచ్చింది. రెండోది ఎప్పుడొచ్చిందో తెలుసా? 2009లో. ఆ మధ్యలో ఎన్ని శుక్రవారాలు, ఎన్ని సణుగుళ్లు జరిగి ఉంటాయో ఊహించుకోండి. ఆయన మాత్రం అక్కడే ఉన్నారు. 2009 నుంచి 2023 లోపల ఇంకో 11 టైటిళ్లు, వెరసి 12. అప్పటికి టెక్సస్‌లో అన్ని ఇంకే స్కూలుకూ లేవు. మధ్యలో ఆయన పక్కకు తప్పుకుంటే పగ్గాలు సొంత స్టాఫ్‌లోని మనిషికే వెళ్లాయి, బయటినుంచి రక్షకుణ్ని దించలేదు. ఇప్పుడు మన తెలుగువాళ్లు పోటీలుపడి ఇళ్లు కొంటున్న సెలైనా చూడండి. అది చిన్న ఊరుగా ఉన్న రోజుల్లో, 1998 నుంచి 2002 వరకు వరుసగా 68 ఆటలు గెలిచింది. ఏళ్లకేళ్లు ఒకే ఆటను సానబట్టిన ఊళ్లు ఇవి.

స్టేడియం కొత్తది కడితే అన్నీ సర్దుకుంటాయని, స్కూలు కట్టడాలకు అప్పు తేవాలా అని ఓటేసే బాండ్ ఎలక్షన్ అప్పుడు ఒకాయన మా తలుపు కొట్టి చెప్పాడు. డాలస్ దగ్గరి ఆలెన్‌లో 2012లో 6 కోట్ల డాలర్లతో, 18,000 సీట్లతో కట్టారు. 2014లో కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేశారు. ఆ ఏడాదంతా పక్కూరి మైదానాల్లో ఆడుతూ కూడా ఆలెన్ పిల్లలు స్టేట్ టైటిల్ గెలిచారు. అదే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కైలర్ మరే కాలం, వాడు మొదటి నిమిషం నుంచీ దిగిన 42 ఆటల్లో ఒక్క ఓటమి లేదు. స్టేడియం లేకపోయినా గెలిచారండీ, అదీ కథ.

ఆలెన్‌కున్న సుఖం ఇంకోటుంది. ఊరంతటికీ ఒకటే హైస్కూలు. ఫ్రిస్కోలో 2003 దాకా ఒకటే ఉండేది, ఇప్పుడు 12. స్కూళ్లు నడిపే మా స్కూల్ డిస్ట్రిక్ట్‌దీ అదే బాట. మేం తలుపు రంగు మార్చేలోగా కొత్త స్కూలు లేస్తుంది, జోన్ గీతలు మారతాయి, మన రిసీవర్లలో సగం మంది రోడ్డవతలి స్కూలు జెర్సీలో ప్రత్యక్షమవుతారు.

మరి లెక్కల సంగతి చూద్దామా? 1910లో డిబేట్ పోటీల కోసం పుట్టి, ఇప్పుడు టెక్సస్ స్కూళ్ల ఆటల పోటీలు నడిపే యూఐఎల్ సంస్థ, రెండేళ్లకోసారి స్కూళ్లను విడదీసి ఎవరు ఎవరితో ఆడాలో తేలుస్తుంది. దేన్నిబట్టి? స్కూల్లో ఎంతమంది పిల్లలున్నారన్నదాన్నిబట్టి. సుమారు 2,200 దాటితే 6ఏ, అంటే అన్నిటికంటే పెద్ద స్కూళ్ల వర్గం, రాక్షసుల పంక్తి. ఎంతమంది హెల్మెట్ పెట్టుకుంటారన్నది వాళ్లకు అక్కర్లేదు. మా సబ్‌డివిజన్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టిన వారాంతంలోనే మనవాళ్లు కొంటారు, ఆ ఇంటి పిల్లలిద్దరూ రోబోటిక్స్‌కో మ్యాథ్ టీమ్‌కో టెన్నిస్‌కో పోతారు. బంగారు కొండలు. కానీ యూఐఎల్ పుస్తకంలో వాళ్లూ తలా ఒక తలే. మేం తలలు పెంచుతున్నాం, భుజాలు పెరగట్లేదు. అందుకే మన సెంటర్ డిఫెన్స్‌లో కూడా ఆడతాడు, అవతలివాడికి ఆ రెండు పనులకూ వేర్వేరు మనుషులున్నారు. ఆ రాత్రి నాలుగో క్వార్టర్‌లో నెత్తి మీదుగా పోయిన స్నాప్ కూడా వాడిదే. అప్పటికి వాడు ఆటలో కూర్చున్నది ఆ మెరుపుల పుణ్యాన మాత్రమే.

హోమ్‌కమింగ్ అనే స్కూలు పండగకు ఆడపిల్లలు పెట్టుకునే చామంతి గురించి నేనేం మాట్లాడను. గంటలు, టెడ్డీబేర్లు, మోకాళ్లు దాటే రిబ్బన్లు కట్టిన ఆ ఉత్తుత్తి పువ్వుకు మా అమ్మాయి కోసం నేనిచ్చుకున్న డబ్బు మా నాన్నగారికి తెలిస్తే బాగుండదు.

ఇంకో సంగతి. ఆడలేక మద్దెల ఓడంటారు కదా, ఇక్కడ మద్దెలే గెలుస్తోంది. మా బ్యాండ్ పిల్లలు ఇదే మైదానంలో, ఇదే ఎండలో, చదువులో పాసైతేనే ఆట అనే ఇదే నో పాస్ నో ప్లే రూలు కింద సాధన చేసి శాన్ ఆంటోనియోలో అలమోడోమ్ స్టేడియం దాకా వెళ్లొచ్చారు. స్టేట్ ఫైనల్ అండీ. ఏం మంత్రమేసింది ఆ బ్యాండ్ డైరెక్టరు? మావాడు ఆరో తరగతిలో మొదటిసారి గొట్టంలోకి ఊది ఇల్లంతా హడలగొట్టినప్పుడు మిడిల్ స్కూలుకు వచ్చి పెదాలు ఎలా పెట్టాలో నేర్పింది ఆవిడే. ఇప్పుడు హైస్కూల్లోనూ ఆవిడే. మా పెద్దదాని కాలం నుంచీ ఆవిడే. మొదట్లో మా బ్యాండు కూడా వినలేకపోయేవాళ్లం. ఆవిణ్ని ఎవరూ మార్చలేదు, ఎందుకంటే బ్యాండ్ ఓడితే ఎవరికీ పట్టదు. అదీ ఆవిడ అదృష్టం.

ఇక అసలు విషయం. ఇంతసేపూ మర్యాదగా మాట్లాడాను, ఇక నావల్ల కాదు.

ఆట అయ్యాక పిల్లలు గడ్డిలో మోకాళ్ల మీద గుండ్రంగా కూర్చున్నారు. బ్యాండ్ ప్రదర్శన సామాన్లు (ప్రాప్స్) ట్రైలర్‌లోకి తోస్తున్న మాకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. కోచ్‌గారు ఏమన్నారు? వాళ్లకు మీకంటే గెలవాలన్న కోరిక ఎక్కువుంది అన్నారు. కోరికట! పదహారేళ్ల పిల్లాడు ఈ ఎండల్లో రెండు వైపులా ఆడి, పొద్దున ఆరింటికి వెయిట్ రూమ్, ఎనిమిదింటికి కెమిస్ట్రీ, మూడేళ్లలో ముగ్గురు పెద్దమనుషులకు మూడు భాషల్లో ‘ఎస్ సర్’ చెప్పి, ఇప్పుడు వాడికి కోరిక లేదా? పెద్ద ఉద్యోగం రాగానే ఎగిరిపోయేది కోచ్. ఓడితే ఏడాదికో రెండేళ్లకో ఆయన్ను సాగనంపేది స్కూలు బోర్డు. ఉద్యోగం పోయిన కోచ్ ఇంకో ఊళ్లో పునాది తీస్తాడు. ఆ పిల్లాడికి ఇంకో ఊరు లేదు, ఇంకో పదకొండో క్లాసు లేదు. రీబిల్డింగ్ ఇయర్, నీకేం? నువ్వు వచ్చే ఏడూ వస్తావు. వాడికి ఉన్నది ఇంకొక్క ఏడాదే, అదీ నువ్వు తినేస్తావు. నీ పేరు చెప్పుకుని పెద్దవాళ్లంతా చేతులు దులుపుకుంటున్నారు, లెక్క మాత్రం పిల్లల ఖాతాలో రాస్తున్నారు. సిగ్గుండాలి.

తొమ్మిదో క్లాసు టీమ్ ఈసారి ముచ్చటగా ఆడుతోంది. గురువారం ఆటలకు తల్లిదండ్రులం గుప్పెడుమందిమి తప్ప ఎవరూ రారు కాబట్టి నీ కంట పడి ఉండదు. లైన్‌లో ఐదుగురూ కలిసి కదులుతున్నారు, చూస్తే తెలుస్తుంది. వాళ్ల జోలికి రాకు.

ఈ కోచ్‌గారంటే నాకు ప్రత్యేకంగా ప్రేమేం లేదు. ఆ రాత్రి ఆయనన్న మాటకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. అయినా ఆయన్ను కూడా పంపించేస్తారని గుసగుసలు మొదలయ్యాయి కాబట్టి, వచ్చే బోర్డు మీటింగ్‌లో మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు రాయించాను. మూడు నిమిషాలిస్తారు. ఓడుతున్న కోచ్‌ను ఉంచండి, ఊళ్ల పేర్లే ఉంచండి, ‘డెన్వర్’ అంటే వచ్చే ఏడూ ‘డెన్వరే’ అయ్యేలా చూడండి అని చెబుతాను. మామగారు కూడా వస్తానంటున్నారు. స్లాబ్ గురించి ఆయనకూ మూడు నిమిషాలు కావాలట.

ఇట్లు,
సూసాఫోన్ తండ్రి,
ప్రాప్స్ తోసేవాళ్లలో ఎడమ చక్రం దగ్గర మనిషి